ఎలక్ట్రీషియన్ కావాలంటే ఒంట్లో ఏముండాలి, చేతిలో ఏముండాలి

పదో తరగతి ఫలితాలు వచ్చి ఐటీఐ దరఖాస్తులు మొదలుకాగానే వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "మావోన్ని ఎలక్ట్రీషియన్ల ఎయ్యాలె. వాడు మంచి ధైర్యస్తుడు." కరెంటు తగిలినా నవ్వి చెయ్యి దులుపుకున్నాడనో, ఏడో తరగతిలోనే టేబుల్ ఫ్యాను విప్పి బిగించాడనో రుజువులు కూడా చెబుతారు. ఈ పనిలో తల నెరిసిన మేస్త్రీని అడగండి, లెక్క తిరగబడుతుంది. కొత్తగా చేరిన కుర్రాడిలో ఆయనకు గుబులు పుట్టించేది ఆ ధైర్యమే.

మరి ఏం కావాలి? దీనికి సూటిగా జవాబు దొరకకపోవడానికి కారణం ఉంది. ఎలక్ట్రీషియన్ అన్న ఒక్క పేరు కింద మన దగ్గర కనీసం నాలుగు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. హనుమకొండలో లేస్తున్న అపార్ట్‌మెంట్లలో పైపులు వేసి వైర్లు లాగేవాళ్లు ఒకరు. పరకాల, హుజూరాబాద్ లాంటి ఊళ్లలో షాపు పెట్టుకుని కాలిన బోరు మోటర్లకు వైండింగ్ కట్టేవాళ్లు మరొకరు. స్తంభం ఎక్కే లైన్‌మన్ ఇంకొకరు. కాజీపేట లోకో షెడ్డులోనో, రామగుండం ఎన్టీపీసీలోనో, సింగరేణి గనుల్లోనో యంత్రాల దగ్గర ఉండేవాళ్లు నాలుగో రకం. నలుగురూ ఐటీఐలో ఒకే బెంచీ మీద కూర్చుని ఉండొచ్చు. పని మాత్రం ఒక్కొక్కరి ఒంట్లో ఒక్కో భాగాన్ని అడుగుతుంది.

ఇంటి వైరింగుతో మొదలుపెడదాం, ఎక్కువమంది చేరేది అక్కడే కాబట్టి. ఈ పని తేలికని జనం అనుకుంటారు. స్లాబు పడే రోజు ఒకసారి పైకెక్కి చూస్తే ఆ మాట మళ్లీ అనరు. సెంట్రింగ్ మీద ఇనుము కట్టడం అయ్యాక, కాంక్రీటు పోసేలోపు పైపులు పరవాలి, ఫ్యాను బాక్సులు, లైటు బాక్సులు కూర్చోబెట్టాలి. తాపీ మేస్త్రీ ఆగడు, మిల్లరు ఆగదు. మే నెలలో కాలిన ఇనుప చువ్వల మధ్య గంటల కొద్దీ వంగి పనిచేయాలి. ఆ తొందరలో ఒక పైపు జాయింటు ఊడిందంటే సిమెంటు పాలు లోపలికి దిగి గడ్డకడతాయి. మూడు నెలల తర్వాత వైరు లాగేటప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు. అప్పుడు కొత్త స్లాబును పగలగొట్టాలి. అందుకే స్లాబు రోజున కావాల్సింది కండబలం కన్నా ఎండకు ఆగే ఒళ్లు, ఎండలో కూడా చెదరని శ్రద్ధ.

తర్వాత గోడలకు గాడి కొట్టడం. కటింగ్ మిషను పట్టుకున్నవాడి ముక్కులోకి, కళ్లలోకి సిమెంటు దుమ్ము పోతుంది. మన దగ్గర మూతికి కర్చీఫ్ కట్టుకోవడమే మాస్కు అనుకుంటారు. ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి దుమ్మును కర్చీఫ్ ఆపలేదు. ఆయాసం, ఆస్తమా ఉన్న పిల్లవాణ్ని ఈ పనిలో పెట్టేముందు ఆలోచించాలి.

వైరు చుట్ట 90 మీటర్లు ఉంటుంది. పైపు ఈ చివర ఒకరు నెడుతుంటే ఆ చివర ఇంకొకరు లాగాలి. బలమంతా పెట్టి గుంజితే వైరు రాదు, పైనున్న పీవీసీ గీరుకుపోతుంది. ఎక్కడ తట్టుకుందో వేళ్లకు తెలియాలి, తెలిసిన క్షణాన ఆగాలి. ఇక ఫిట్టింగు రోజుల్లో భుజాల వంతు. నాలుగైదు కిలోల సీలింగు ఫ్యానును నిచ్చెన మీద నిలబడి ఒక చేత్తో మోస్తూ, రెండో చేత్తో బోల్టు పెట్టి పిన్ను గుచ్చాలి. చేతులు తలకంటే పైన ఉంచి గంటల తరబడి పనిచేయడం భుజం కీలును అరగదీస్తుంది. దిగి వచ్చి కాలి మడమల ఎత్తులో ఉన్న సాకెట్ల దగ్గర గొంతుక్కూర్చోవాలి. నలభై దాటిన వైర్‌మెన్‌ను ఏది నొస్తోందని అడిగితే కరెంటు మాట రాదు, భుజాలు, మోకాళ్ల మాటే వస్తుంది.

ఎర్త్ గుంత, అంటే లీకైన కరెంటును భూమిలోకి దించే గుంత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎగ్గొట్టడం మన దగ్గర మామూలైపోయింది. పద్ధతి ప్రకారం పైపు ఎర్తింగుకు రెండున్నర మీటర్ల జీఐ పైపు భూమిలోకి దిగాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా పోయాలి. కాకతీయుల కాలం నుంచీ రాతికి పేరున్న నేల ఇది. మీటరు తవ్వగానే గుండు తగులుతుంది. పొడి రాతి నేల కరెంటును త్వరగా గుంజుకోదు, కాబట్టి ఎర్తింగు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది మన దగ్గరే. జరిగేది తలకిందులు. రాయి తగిలిందని పైపును సగానికి కోసి పాతేస్తారు.

వైండింగ్ షాపులో లోకం వేరు. అక్కడ ఎత్తులు లేవు, ఎండ లేదు. రోజంతా ఒకే చోట కూర్చుని వైరు చుట్లు లెక్కబెడుతూ ఒక్కో కాయిల్‌ను స్లాటులోకి, అంటే మోటరు లోపలి గాడిలోకి దించాలి. బోరులో దిగే నీళ్ల మోటర్లకైతే ప్లాస్టిక్ పూత ఉన్న వైరును ఒక్కొక్క పోగుగా స్లాటులోంచి ఇవతలికీ అవతలికీ లాగాలి. పూత మీద చిన్న గీత పడినా మోటరు నీళ్లలో మునిగిన రోజునే షార్టవుతుంది. రైతు మళ్లీ బోరులోంచి పైపులన్నీ పీకించుకుని, మోటరును ట్రాలీలో వేసుకుని షాపు ముందు దిగుతాడు. ఆ తర్వాతి సంభాషణ ఇక్కడ రాసేది కాదు. ఈ పనికి దగ్గరి చూపు, సన్నటి పనికి తిరిగే వేళ్లు, లెక్క తప్పని మనసు కావాలి. కాలు బాగా లేనివాళ్లు, ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు కూడా ఇందులో బంగారంలా రాణించొచ్చు. ఎలక్ట్రీషియన్ అనగానే స్తంభాన్నే ఊహించుకునే తల్లిదండ్రులకు ఈ దారి కనబడదు.

స్తంభం సంగతికి వస్తే, ఉత్తర తెలంగాణ జిల్లాలకు కరెంటు పంచే ఎన్‌పీడీసీఎల్ కేంద్ర కార్యాలయం హనుమకొండలోనే ఉంది. జూనియర్ లైన్‌మన్ ఉద్యోగానికి రాత పరీక్ష ఒక్కటే ఉండదు, స్తంభం ఎక్కి చూపించాలి. మన ఊళ్లలో కనిపించే సిమెంటు స్తంభాలు మామూలుగా 8 మీటర్లవి, 9.1 మీటర్లవి. ఎక్కడం ఒక ఎత్తు, పైన నిలబడి రెండు చేతులతో పనిచేయడం ఇంకో ఎత్తు. నడుముకు బెల్టు, కాళ్లలో నిలకడ, పట్టు సడలని ముంజేతులు కావాలి. వానాకాలం రాత్రి టార్చిలైటు వెలుతురులో ఇదంతా జరగాలి. మూర్ఛ ఉన్నవాళ్లు, తల తిరిగే జబ్బు ఉన్నవాళ్లు ఈ పనికి పోకూడదు. ఇందులో మొహమాటానికి తావు లేదు.

ఆడవాళ్లకు ఇది కుదరదన్న మాట కూడా చాలాకాలం నడిచింది. దక్షిణ తెలంగాణకు కరెంటు పంచే సంస్థ నోటిఫికేషన్‌లో మహిళలకు అవకాశం లేకపోతే కొందరు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు అనుమతితో పరీక్ష రాసి, స్తంభం ఎక్కి చూపించి, సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష 2021లో ఉద్యోగంలో చేరింది. స్తంభం అడిగేది ఎక్కేవాళ్ల బరువుకూ పట్టుకూ మధ్య పొంతన. బరువు తక్కువై పట్టు గట్టిగా ఉన్నవాళ్లకు అది అనుకూలమే.

నాలుగో రకానికి, అంటే ఫ్యాక్టరీలు, రైల్వే, గనుల వైపు వెళ్లేవాళ్లకు అసలు గేటు కన్ను. కాజీపేట చుట్టుపక్కల ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసే పిల్లల్లో చాలామందికి అసిస్టెంట్ లోకో పైలట్ కావాలన్న ఆశ ఉంటుంది. ఆ ఉద్యోగానికి రైల్వే పెట్టే కంటి పరీక్ష ఏ-1 తరగతి. అన్నింట్లోకీ కఠినమైనది అదే. అద్దాలు లేకుండా రెండు కళ్లకూ పూర్తి చూపు ఉండాలి, రంగులు తేడా లేకుండా గుర్తుపట్టాలి. లేజరుతో చూపు సరిచేయించుకున్నా ఒప్పుకోరు. రెండేళ్ల కోర్సు, పైన అప్రెంటిస్‌షిప్, కోచింగు, రాత పరీక్ష, ఇవన్నీ దాటి చివర మెడికల్‌లో "నీకు రంగులు సరిగ్గా కనబడవు" అని తెలుసుకున్న పిల్లవాడి పరిస్థితి ఊహించండి.

ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగ్గా తెలియకపోవడం పుట్టుకతో వచ్చేది. దానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లోనే ఎక్కువ. ఆ లోపం ఉన్నట్టు పిల్లవాడికే తెలియదు, ఎందుకంటే వాడు ఇంకో రకంగా ఎన్నడూ చూసింది లేదు. జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో అచ్చువేసిన చుక్కల పలకలతో నిమిషాల్లో తేలిపోయే పరీక్ష ఇది. వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రే ఉంది. ట్రేడ్ ఎంచుకునే ముందు ఒక పూట కేటాయించి చూపించుకుంటే సరిపోతుంది. మిగతావన్నీ నేర్చుకుంటే వస్తాయి, రంగుల చూపు రాదు. అది లేనంత మాత్రాన కరెంటు పని మొత్తం మూసుకుపోదు. వైండింగ్ ఉంది, నంబర్లు తొడిగిన వైర్లతో నడిచే ప్యానెల్ పని ఉంది. దారి ముందే తెలిసి ఎంచుకోవాలి, అంతే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. రంగులు గుర్తుపట్టగలగాలని ఇంత పట్టుబట్టే ఈ వృత్తి, రంగును నమ్మవద్దని కూడా నేర్పుతుంది. మన వైరింగు పద్ధతిలో కరెంటు తెచ్చే మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం. కరెంటు తిరిగిపోయే న్యూట్రల్‌కు నలుపు. ఎర్త్‌కు ఆకుపచ్చ. యూరప్ పద్ధతిలో తయారైన మిషనులో ఫేజు గోధుమరంగు, న్యూట్రల్ నీలం. అంటే గోడమీది బోర్డులో నీలం వైరు ప్రాణం తీసే ఫేజు, దాని ముందు దించిన దిగుమతి మిషనులో అదే నీలం న్యూట్రల్. సోలార్ ప్యానెళ్ల దగ్గర ఎరుపు ప్లస్సు, నలుపు మైనస్సు. నలుపే కదా, న్యూట్రలే కదా అని అక్కడ చెయ్యి పెట్టడానికి లేదు. ఇవన్నీ పద్ధతిగా చేసినచోట. పద్ధతి లేనిచోట, సాయంత్రానికి ఎర్రవైరు అయిపోయి షాపు మూసేసి ఉంటే, ఆ రోజు చేతికి దొరికిన పచ్చవైరే ఫేజవుతుంది. పదేళ్ల తర్వాత ఆ బోర్డు విప్పేవాడికి ఆ సాయంత్రం సంగతి ఎలా తెలుస్తుంది?

కాబట్టి కన్ను చూసినదాన్ని మీటరు ఒప్పుకోవాలి. జేబులో ఉండే నియాన్ టెస్టర్ మీద మనవాళ్లకు అతి నమ్మకం. అది వెలిగితే అక్కడ ఏదో ఉందని అర్థం. వెలగకపోతే ఏమీ లేదని అర్థం కాదు. ఎండలో దాని వెలుగు కనబడకపోవచ్చు, లోపల రెసిస్టరు పాడై ఉండొచ్చు, పొడి చెక్క స్టూలు మీద నిలబడితే మసకగా వెలగొచ్చు. న్యూట్రల్ తెగిన ఇంట్లో న్యూట్రల్ వైరు మీద కూడా వెలుగుతుంది. కరెంటు లేదని తేల్చుకోవడానికి సరైన పద్ధతి మూడు అంచెలది. ముందు కరెంటు ఖాయంగా ఉన్నచోట మీటరును పెట్టి అది పనిచేస్తోందని చూడాలి. తర్వాత పనిచేయబోయే చోట చూడాలి. మళ్లీ ఖాయంగా ఉన్నచోట పెట్టి, మధ్యలో అది చెడిపోలేదని తేల్చుకోవాలి. అర నిమిషం పని. చెయ్యి వెనుక భాగంతో తాకి చూడటం కొందరు పాతవాళ్ల అలవాటు, కండరాలు బిగిస్తే చెయ్యి వైరుకు దూరంగా పోతుందన్న లెక్కతో. అది పరీక్ష కాదు. ప్రాణంతో ఆడే జూదం.

ఎందుకో అంకెల్లో చూద్దాం. ఇంట్లో కరెంటు 230 వోల్టులు. తడి, చెమట, కాళ్లకింద నేల అన్నీ కలిసొస్తే ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములకు పడిపోవచ్చు. అప్పుడు ఒంట్లోంచి పారేది 230 మిల్లీ ఆంపియర్లు. పది మిల్లీ ఆంపియర్ల దగ్గరే కండరాలు బిగుసుకుని పట్టుకున్న వైరును వదల్లేని స్థితి వస్తుంది. 230 అయితే క్షణాల్లో గుండె లయ తప్పొచ్చు. లోడు మితిమీరితే పడిపోయే స్విచ్‌ను నమ్మి "ఎంసీబీ ఉంది కదా" అనే మాట ఇక్కడే బోల్తా పడుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే 16,000 మిల్లీ ఆంపియర్లు దాటాలి. మనిషి చావడానికి చాలినంత కరెంటు దానికి లెక్కలోకే రాదు. అది వైరును కాపాడుతుంది. మనిషిని కాపాడేది, వెళ్లే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడిపోయే ఆర్‌సీసీబీ. ఈ రెండింటి మధ్య తేడాను ఇంటి యజమానికి వివరించలేని ఎలక్ట్రీషియన్‌కు సగం పనే వచ్చినట్టు.

చెమట మాట వచ్చింది కాబట్టి ఒంటిమీది లోహం సంగతి కూడా. చేతికి వెండి కడియం, మెడలో గొలుసు, వేలికి ఉంగరం, కొందరికి నడుముకు వెండి మొలతాడు. మన దగ్గర ఇవి తీయమంటే తీయరు, మొక్కు అంటారు, నాయినమ్మ పెట్టిందంటారు. బ్యాటరీ గది, ప్యానెల్ బోర్డు ముందు అవి ఒంటిమీద ఉండకూడదు. పెద్ద ఫ్యాక్టరీల్లో గేటు దగ్గరే తీయిస్తారు. షాపుల్లో చెప్పేవాళ్లు లేరు.

ఇంకో సంగతి మర్యాదకు ఎవరూ రాయరు. సాయంత్రం రెండు సీసాల కల్లు తాగాక ఎవరో "అన్నా, పీజు పోయింది, జర వచ్చి చూడవే" అని ఫోన్ చేస్తారు. తెలిసిన ఇల్లు, కాదనలేడు. ఈ వృత్తిలో ఉండాలనుకునేవాడు ఆ ఫోన్‌కు "పొద్దుగాల వస్త" అని చెప్పగలగాలి. ఇది నీతిబోధ కింద చెప్పడం లేదు, ఒంటి నిలకడ లెక్కలో చెబుతున్నాను. నిచ్చెన పాదం గోడకు ఎంత దూరంలో ఉండాలో, నాలుగు పాళ్ల ఎత్తుకు ఒక పాలు, తాగిన కళ్లకు ఆ లెక్క అందదు.

చెవి, ముక్కు కూడా పనిముట్లే. మోటరు తిరగకుండా 'గూం' అని మూలుగుతోందంటే మూడు ఫేజుల్లో ఒకటి రావడం లేదు. కీచుమంటే బేరింగు పోతోంది. వార్నిష్ మాడిన వాసన వైండింగుది. బోర్డు దగ్గర ప్లాస్టిక్ కమిలిన వాసన వస్తే ఏదో స్క్రూ వదులైంది. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులోకి వెళ్తే చెవి ఇక పనిచేయదు, మగ్గాల చప్పుడులో ఏ మోటరు ఎలా మూలుగుతోందో వినబడదు. అక్కడ వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ తగిలించి ఒక్కో ఫేజులో ఎంత కరెంటు పారుతోందో చూసుకోవాలి. జమ్మికుంట, వరంగల్ జిన్నింగు మిల్లుల్లో ఇంకో ప్రమాదం. వదులు స్క్రూ దగ్గర లేచిన చిన్న మెరుపు, గాలిలో తేలే పత్తి నూగుకు చాలు. అక్కడ స్క్రూ బిగించే చెయ్యి నిప్పును ఆపుతోంది. ఎక్కువ బిగిస్తే తీగ నలుగుతుంది, తక్కువ బిగిస్తే కాలుతుంది. ఆ మధ్య బిగువు చేతికి అందాలంటే నెలలు పడుతుంది.

ఇంతవరకూ చెప్పిందంతా ఒళ్లు. మంచి ఎలక్ట్రీషియన్‌నూ మామూలువాణ్నీ వేరుచేసేది మాత్రం తప్పు ఎక్కడుందో వెతికే బుద్ధి. ఒక ఊరి ఉదాహరణ తీసుకుందాం. గాలివాన తర్వాత కరెంటు వచ్చింది. కొన్ని ఇళ్లలో బుగ్గలు, అంటే బల్బులు, మామూలుగా వెలుగుతున్నాయి, మిగతా ఇళ్లలో సగం వెలుగే. పొలంలో మోటరు వేస్తే మూలుగుతోంది, తిరగడం లేదు. తొందరపడే మనిషి ఇంటింటికీ తిరిగి సర్వీసు వైర్లు లాగి చూస్తాడు. ఆలోచించే మనిషి కదలకుండానే ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూస్తాడు. మన ఊళ్లలోని ట్రాన్స్‌ఫార్మర్లలో 11 కేవీ (11 వేల వోల్టుల) వైపు మూడు కాయిల్స్‌ను త్రికోణంలా కలిపే డెల్టా, ఇళ్ల వైపు మూడింటి ఒక్కో చివరను ఒకచోట కలిపే స్టార్ కనెక్షన్ ఉంటుంది. పైన 11 కేవీలో ఒక ఫ్యూజు తెగితే, ఒక కాయిల్‌కు పూర్తి వోల్టేజీ అందుతుంది. మిగతా రెండు కాయిల్స్ ఒకదాని వెనక ఒకటిగా అదే వోల్టేజీని చెరిసగం పంచుకుంటాయి. కింద ఒక ఫేజు మామూలుగా, రెండు ఫేజులు సుమారు 115 వోల్టులకు దిగుతాయి. ఊళ్లోని బుగ్గలే ఆ మాట చెబుతున్నాయి.

అదే ఊళ్లో కొన్ని ఇళ్లలో బుగ్గలు గుడ్డిగా, కొన్ని ఇళ్లలో కళ్లు చెదిరేంత తెల్లగా వెలుగుతున్నాయనుకోండి. ఫ్యాన్లు విమానాల్లా తిరుగుతున్నాయి, ఒక ఇంట్లో టీవీ కాలిపోయింది. ఇది ఫ్యూజు కాదు. న్యూట్రల్ తెగింది. రెండు ఫేజుల మధ్య ఇళ్లు ఒకదాని వెనక ఒకటి వేలాడుతున్నాయి, తక్కువ వాడకం ఉన్న ఇంటికి 230కి బదులు 350, 380 వోల్టులు పోతున్నాయి. ఇక్కడ ముందు చేయాల్సింది మరమ్మతు కాదు, మెయిన్లు దింపండని ఊరంతా అరిచి చెప్పడం. రెండు లక్షణాలూ పైకి ఒకేలా కనిపిస్తాయి, కొన్ని ఇళ్లు గుడ్డిగా ఉండటం రెండింట్లోనూ ఉంది. మిగతావి మామూలుగా ఉన్నాయా, మితిమీరి వెలుగుతున్నాయా అన్న ఒక్క తేడాను గమనించగలగడమే నేర్పు.

ఈ రెండు సందర్భాల్లోనూ ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేయాల్సింది విద్యుత్ సంస్థ మనిషే. 1912కు ఫోన్ చేసి ఆగాలి. నాటు వేసిన మడి ఎండుతుంటే ఆగడం కష్టమే. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే కరెంటును ఆపే ఏబీ స్విచ్ దింపి రైతే పైకెక్కుతాడు, లేదా ఊళ్లో కాస్త తెలిసిన కుర్రాణ్ని ఎక్కిస్తాడు. ఏబీ స్విచ్ మూడు బ్లేడుల్లో ఒకటి విడిపోకుండా ఉండిపోవడం కొత్తేమీ కాదు. కింద నుంచి చూస్తే హ్యాండిల్ దిగే ఉంటుంది. మన పల్లెల్లో కరెంటు చావుల కథలు చాలా ఇక్కడే మొదలవుతాయి.

లైన్‌మన్‌కు ఇంకో ముప్పు వెనక నుంచి వస్తుంది. సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపినట్టు అనుమతి) తీసుకున్నాడు, లైను చచ్చింది. అంతలో ఊళ్లో ఫంక్షన్ హాలువాళ్లు జనరేటర్ వేశారు. జనరేటర్ కరెంటును బయటి లైనులోకి పోనీయని చేంజోవర్ స్విచ్ లేదు, నేరుగా మెయిన్‌లో కలిపారు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏది ముందు ఏది వెనక అన్న పట్టింపు లేదు. కింద నుంచి 230 ఇస్తే పైన పదివేల వోల్టుల దాకా లేపగలదు. చచ్చిందనుకున్న లైను లేచి కూర్చుంటుంది. అందుకే అనుభవమున్న లైన్‌మన్ ఎల్‌సీ కాగితం చేతిలో ఉన్నా, పనిచేసే చోటుకు రెండు పక్కలా డిశ్చార్జి రాడ్లతో లైనును భూమికి కట్టేశాకే ముట్టుకుంటాడు. చూసేవాళ్లకు అది చాదస్తంలా ఉంటుంది.

లెక్కలు రావాలా అని చాలామంది అడుగుతారు. పెద్ద లెక్కలు అక్కర్లేదు, ఉన్నవి తప్పు పోకూడదు. రెండు వేల వాట్ల గీజరును 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. దానికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగుతారు, మామూలు పవర్ సాకెట్‌కు 2.5, లైట్లకు 1 లేదా 1.5. పాత ఇంట్లో లైట్ల వైరు మీదే గీజరు తగిలిస్తే ఏమవుతుందో ఈ భాగాహారం చెబుతుంది. పొలంలో మీటరుకూ బోరుకూ మధ్య దూరం పెరిగేకొద్దీ వైరు మందం పెరగాలి. సన్న వైరు వేస్తే మోటరుకు చేరేసరికి వోల్టేజీ పడిపోతుంది, కరెంటు ఎక్కువ లాగి వైండింగ్ వేడెక్కుతుంది. రైతు మోటరు కంపెనీని తిడతాడు. తప్పు వైరు కొన్న రోజునే జరిగింది.

2023 జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది, వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. అలాంటి వరద తగ్గాక ఇంటివాళ్లు ముందు అడిగేది కరెంటు ఎప్పుడిస్తారని. నీళ్లు తాగిన గోడల్లో, సాకెట్లలో తేమ ఉంటుంది. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కనీసం ఒక మెగా ఓమ్ చూపిస్తేనే మెయిన్ ఎత్తాలి. పిల్లలు చీకట్లో ఉన్నారు, ముసలివాళ్లు ఉక్కపోతలో ఉన్నారు, ఇంటాయన "ఏం కాదు తమ్మీ, ఎయ్యి" అంటున్నాడు. అప్పుడు "రేపటిదాక ఆరాలె కాకా, ఇయ్యాల ఎయ్యను" అని చెప్పి, ఆ మాట మీద నిలబడి, అయినా ఆ ఇంటితో చెడకుండా బయటికి రావాలి. ఇది ఏ సిలబస్‌లోనూ నేర్పరు. నా లెక్కలో ఈ వృత్తికి కావాల్సిన నేర్పుల్లో మొదటి వరస దీనిదే. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ కట్టమనే యజమాని, ఎర్త్ ఖర్చు దండగనే బిల్డరు, ఏబీ స్విచ్ దింపాను ఎక్కమనే రైతు, ముగ్గురికీ చెప్పాల్సింది ఒకే మాట. ధైర్యం అంటూ ఉంటే అది కనబడాల్సింది ఇక్కడ.

షాక్ తగిలినవాణ్ని బతికించడం కూడా పనిలో భాగమే. ముందు మెయిన్ ఆపాలి, ఆపలేకపోతే పొడి కర్రతో వైరును తప్పించాలి, అంతవరకు మనిషిని ముట్టుకోకూడదు. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ 108 వచ్చేదాకా ఆపకూడదు. రెండు నిమిషాలు చేస్తే బలిష్ఠుడికైనా చేతులు పడిపోతాయి, పక్కనున్నవాళ్లు మార్చుకుంటూ చేయాలి. అందుకే ఒంటరిగా ఈ పనికి వెళ్లకూడదంటారు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు, పదో తరగతి పాసై ఉండాలి. వైర్‌మన్ ట్రేడ్ కూడా రెండేళ్లే, దానికి ఎనిమిదో తరగతి చాలు. సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన సొంతంగా ఇళ్ల వైరింగు ఒప్పుకునే హక్కు రాదని చాలామందికి తెలియదు. నిబంధనల ప్రకారం ఆ పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు కింద, అర్హత పత్రం ఉన్న సూపర్‌వైజరు కళ్లముందు, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేయాలి. ఊళ్లలో ఇది పట్టించుకునేవాళ్లు తక్కువే. ఏదైనా ప్రమాదం జరిగి కేసయిన రోజున మాత్రం మొట్టమొదట అడిగేది ఆ పర్మిటే.

నలభై ఐదు దాటాక భుజాలు మొరాయించిన వైర్‌మెన్ ఏమవుతారన్న ప్రశ్నకు ఇదివరకు ఒకటే జవాబు ఉండేది: నలుగురు కుర్రాళ్లను పెట్టుకుని కాంట్రాక్టులు పట్టడం. ఇప్పుడు కొందరు సోలార్ వైపు మళ్లుతున్నారు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మూడు కిలోవాట్ల ఇంటికి 78 వేల రూపాయల దాకా సబ్సిడీ దొరుకుతోంది, డాబాల మీద ప్యానెళ్లు కనబడుతున్నాయి. ఎండలో డాబా ఎక్కడం తప్పదు గానీ, ఇందులో ఎక్కువ పని ఆలోచనదే. ఏసీ లైన్లతో ముప్పై ఏళ్లు గడిపినవాళ్లకు కూడా కొత్తగా నేర్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇక్కడ మెయిన్ ఆపితే కరెంటు ఆగదు. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ వైర్లలో వందల వోల్టుల డీసీ ఉంటుంది. కరెంటు పారుతుండగా కనెక్టరు పీకితే లేచే మంట ఏసీలోలా తనంతట తాను ఆరిపోదు. ముందు ఇన్వర్టరు ఆపి, డీసీ ఐసోలేటరు (ప్యానెళ్ల కరెంటును ఆపే స్విచ్) దింపి, డీసీ కొలిచే టాంగ్ టెస్టర్‌లో సున్నా చూసుకున్నాకే కనెక్టరు మీద చెయ్యి వేయాలి.